మా ఆయన తాగుడు మానడానికి అండగా నిలిచిన వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. మా ఆయన చదివి, పెట్టమన్నాకే ఈ పోస్ట్ పెడుతున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో ఆయన వెల్డరు. మందు మానేసి ఏడాది దాటింది. ఇందులో మేం పడ్డ కష్టం కన్నా మీరు చేసిన సాయమే ఎక్కువ.

ముందుగా ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మగారికి. ధ్యానం చేయిస్తే తాగుడు దానంతటదే పోతుందని ఎవరో అంటే, అదే ఆవిడను అడిగాను. "ధ్యానం మంచిదే తల్లీ, కానీ ముందు వైద్యం" అన్నారు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చని, లేనివి కనపడొచ్చని, ప్రాణం మీదకు కూడా రావచ్చని విడమరిచి చెప్పారు. వార్డులో ఉంచి బీ1 విటమిన్ ఇంజెక్షన్లు, వణుకు తగ్గే మందులు ఇచ్చి ఆ గండం దాటించారు. తాగుడు మాన్పిస్తాయని మనిషికి తెలియకుండా కూరలో కలిపే పొడుల జోలికి పోవద్దని కూడా గట్టిగా చెప్పారు. వాటిలో కొన్ని లోపలికి వెళ్లాక మద్యం తాగితే గుండె మీదకు వస్తుందట. మా చుట్టుపక్కల ఇంకా అవి కొంటున్నారు, అందుకే రాస్తున్నాను.

ఆ తర్వాత మాస్టారికి. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులో పరిచయమయ్యారు. అక్కడ పేర్లు బయటపెట్టరు కాబట్టి నేనూ రాయడం లేదు. 1935లో అమెరికాలో తాగుడుతో నలిగిపోయిన ఇద్దరు, ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను, ఒకరికొకరు ఆసరాగా నిలబడి మొదలుపెట్టిన సంఘం అది. తాగుడు మానడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో పదకొండోది ప్రార్థన, ధ్యానం. మాస్టారు మా ఆయనకు ఆనాపానసతి, అంటే శ్వాసను గమనించే ధ్యానం, నేర్పారు. "ఇది మనకు కొత్తేం కాదు, పక్కనే అమరావతి స్తూపం ఉంది. శ్వాసను గమనించమని బుద్ధుడు చెప్పిందే" అనేవారు.

సాయంత్రం షట్టర్ దించే వేళకే ఈయనకు నాలుక పీకేది. ఆ సమయానికి మాస్టారు స్కూటర్ వేసుకుని షెడ్డుకు వచ్చేవారు. ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి ఈయన్ని కూర్చోబెట్టి, "తాగకూడదు అని దాంతో కుస్తీ పట్టకు. అది ఎక్కడుందో చూడు. గొంతులోనా, పొట్టలోనా, చేతుల్లోనా?" అని అడిగేవారు. ఈయన కళ్లు మూసుకుని, శ్వాస లెక్కపెట్టుకుంటూ, "ఇప్పుడు గొంతులో ఉంది... ఇప్పుడు కాస్త తగ్గింది" అని చెప్పేవారు. తాగాలన్న ఆ గుంజుడు పెరుగుతుంది, నిలుస్తుంది, అరగంట లోపే చాలాసార్లు దిగిపోతుంది. దిగిపోవడం ఒకసారి కళ్లారా చూసుకున్నాక ఈయనకు ధైర్యం వచ్చింది. నా లెక్కలో ధ్యానం మాకు ఇచ్చింది ఆ అరగంటే, అది చాలా పెద్దది.

కౌన్సెలింగ్ చేసిన అమ్మాయికి కూడా. పాజిటివ్‌గా ఆలోచించమంటే అంతా బాగుందనుకోమని కాదని తనే చెప్పింది. "నేనెందుకూ పనికిరాను" అనిపించినప్పుడల్లా ఆ రోజు నిజంగా జరిగిన మంచి ఒకటి నోట్‌బుక్‌లో రాయమంది. మొదటి పేజీలో ఈయన రాసింది: "ఈ రోజు టీ గ్లాసు ఒక చేత్తో పట్టుకున్నాను."

శనివారం కూలి డబ్బులు ఈయన అడగ్గానే నా ఫోన్‌కు వేస్తున్న షెడ్డు ఓనరుగారికి, "రా అన్నా, ఒక్క పెగ్గే" అనడం మానేసి టీ కొట్టుకు తీసుకెళ్తున్న తమ్ముళ్లకు, రాత్రిళ్లు నిద్రపట్టక తిరుగుతుంటే మాటల్లో పెట్టి కూర్చోబెట్టిన మా అత్తయ్యకు పేరుపేరునా నమస్కారాలు.

ఇంట్లో ఇలాంటి బాధ ఉన్నవాళ్లు మత్తు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 14446కు, మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బులేం తీసుకోరు. ఆటోనగర్ వైపు వాళ్లెవరైనా ఆసుపత్రికో మీటింగుకో ఒంటరిగా వెళ్లడానికి జంకుతుంటే నాకు మెసేజ్ పెట్టండి. మా ఆయన తోడు వస్తానన్నారు.