ధరల సూచీ లెక్కల్లో తప్పుల గురించి ప్రచురణ సంస్థకు ఫిర్యాదు

సంపాదక విభాగానికి,

విషయం: స్థూల అర్థశాస్త్రం ప్రాథమిక అభ్యాస పుస్తకంలోనూ, దాని ఆన్‌లైన్ పరీక్షలోనూ తప్పు జవాబులు.

నమస్కారం.

జీడీపీ, ధరల సూచీల అధ్యాయంలో నాలుగు చోట్ల మీ జవాబులు తప్పు. అందులో ఒకటి పాఠాన్నే తలకిందులు చేసింది కాబట్టి ముందు దాని సంగతి.

ఆ లెక్కలో వస్తువులు రెండే, తయారైనదంతా వినియోగమే. ఆధార సంవత్సరంలో పెన్నులు 100, ధర 10. నోటు పుస్తకాలు 50, ధర 20. రెండో ఏడాది పెన్నులు 120, ధర 12. పుస్తకాలు 40, ధర 30. ప్రస్తుత ధరల్లో జీడీపీ 2,000 నుంచి 2,640కి పెరిగింది. కొత్త పరిమాణాలకు పాత ధరలు కడితే 1,200, 800 కలిపి మళ్లీ 2,000. అంటే వాస్తవ జీడీపీ కదల్లేదు. ప్రస్తుత ధరల జీడీపీని వాస్తవ జీడీపీతో భాగించి 100తో గుణిస్తే వచ్చే సూచీ, అంటే డిఫ్లేటర్, 132. ఇంతవరకూ మీ లెక్క బాగానే ఉంది.

వినియోగదారుల ధరల సూచీ దగ్గర బోల్తా పడింది. ఆ సూచీకి బుట్ట ఆధార సంవత్సరానిది: 100 పెన్నులు, 50 పుస్తకాలు. కొత్త ధరల్లో దాని ఖరీదు 1,200, 1,500 కలిపి 2,700. దాన్ని 2,000తో భాగించి 100తో గుణిస్తే 135. మీరు 120, 40 వేశారు. సూత్రం కాపీ చేసినప్పుడు పరిమాణాల వరుస కూడా దిగిపోయినట్టుంది. దాంతో ఇక్కడా 132 వచ్చింది. పైగా కింద “రెండు సూచీలూ సమానమే” అని గమనిక! ఈ లెక్క ఇచ్చేదే ఆ తేడా చూపించడానికి. పుస్తకం ధర ఒకటిన్నర రెట్లయింది, పెన్ను ధర ఐదో వంతే పెరిగింది, వాడకం పెన్నుల వైపు మళ్లింది. పాత బుట్టను వదలని లాస్పియర్స్ సూచీకి (ఇక్కడ వినియోగదారుల ధరల సూచీ) ఆ మళ్లింపు కనపడదు. కొత్త పరిమాణాలు తీసుకునే పాషే సూచీకి (ఇక్కడ డిఫ్లేటర్) కనపడుతుంది. 135కీ 132కీ మధ్య మూడు పాయింట్ల తేడా అక్కడిదే. ఆన్‌లైన్‌లో 135 అని సరిగ్గా రాసినవారికి సున్నా పడుతోంది.

మరో ప్రశ్నలో సూచీ 150 నుంచి 165కి పెరిగితే ద్రవ్యోల్బణం 15 శాతం అన్నారు. 15 అనేది పాయింట్లు. 150తో భాగిస్తే 10 శాతం.

బల్ల లెక్కలో కలప 300, తయారీదారు అమ్మకం 700, దుకాణం అమ్మకం 1,000 కూడి 2,000 వేశారు. కలప విలువ మూడుసార్లు, తయారీదారు పని రెండుసార్లు లెక్కకొచ్చింది. ఒక్కో దశలో కొత్తగా చేరిన అదనపు విలువలు 300, 400, 300. జీడీపీకి చేరేది 1,000.

జీడీపీ లెక్కలో దిగుమతులు తీసేసే చోట అంకె సరైనదే, కారణం తప్పు. దిగుమతులు ఉత్పత్తిని తగ్గిస్తాయని తీసేయం. వినియోగం, పెట్టుబడి, ప్రభుత్వ వ్యయాల్లో అవి ముందే కలిసిపోయి ఉంటాయి కాబట్టి తీసేస్తాం. విదేశీ ఫోను 500కి కొంటే వినియోగంలో 500 చేరుతుంది, దిగుమతుల కింద 500 పోతుంది. జీడీపీ ఉన్నచోటే ఉంటుంది.

ఆన్‌లైన్ జవాబులు వెంటనే సరిచేసి, ఇప్పటికే రాసినవారి మార్కులు తిరిగి లెక్కించండి. అచ్చు ప్రతులకు తప్పొప్పుల పట్టిక పంపండి. 132ని 135 చేసి ఆ గమనికను అలాగే వదిలేస్తే గందరగోళం రెట్టింపవుతుంది, దాన్నీ తొలగించండి. రెండు వస్తువులతో ఉన్న మిగతా లెక్కలు కూడా వెతకండి: ధరలు గానీ పరిమాణాలు గానీ ఒకే నిష్పత్తిలో మారితే తప్ప డిఫ్లేటర్, ధరల సూచీ సమానం కావు. మరెక్కడైనా రెండూ ఒకటే వచ్చి ఉంటే, ముందు పరిమాణాల వరుస చూడండి.

ఇట్లు,
స్థూల అర్థశాస్త్రం బోధించే అధ్యాపకులు