వైఫై కనిపించిందిరా

ఒరేయ్ బావా,

పోయిన ఆదివారం మా మేనకోడలి ల్యాప్‌టాప్‌లో డెబియన్ 13 అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. ఇన్‌స్టాలర్ నెట్‌వర్క్ దగ్గరకు రాగానే మా ఇంటి వైఫై పేరు తెర మీద కనిపించింది. పాస్‌వర్డ్ కొట్టాను, అంతే! వెంటనే నీకు ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ వైఫై చిప్ లాంటివాటిని నడిపే ఫర్మ్‌వేర్‌ని, దాని కోడ్ బయటపెట్టకపోయినా, ఇన్‌స్టాలర్‌లో కలపాలా వద్దా అని మనం ఇన్నేళ్లుగా పడ్డ గొడవకి ఫోన్ సరిపోదు, అందుకే ఉత్తరం.

హాస్టల్‌లో డెబియన్ వేసిన ఆ రాత్రి గుర్తుందా? ఫలానా ఫర్మ్‌వేర్ ఫైలు కావాలి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వమని మెసేజ్. ఆ ఫైలేమో నెట్‌లో ఉంది. నెట్ రావాలంటే వైఫై కావాలి, వైఫై రావాలంటే ఆ ఫైలు కావాలి. చివరికి పక్క బ్లాకు సీనియర్‌ని నిద్రలేపి లాన్ కేబుల్ అడిగి తెచ్చుకున్నాం. పని అయ్యేసరికి తెల్లారింది. "తప్పు చిప్ చేసినవాడిదిరా, ఇన్‌స్టాలర్‌ది కాదు" అన్నావు నువ్వు. ఆ మాట నిజమే, ఇప్పటికీ కాదనను. కానీ ఆ తప్పుకి రాత్రంతా మేలుకున్నది మనం.

నన్ను మొదటినుంచీ తొలిచే సంగతి ఒకటుంది. వైఫై చిప్ లోపల ఒక చిన్న ప్రాసెసర్, దాన్ని నడిపే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. కొన్ని పరికరాల్లో అది చిప్‌లోనే నిల్వ ఉంటుంది. అలాంటివాటి గురించి ఇన్‌స్టాలర్ ఒక్క మాటా అడగదు. మరికొన్నిటికి కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవరే దాన్ని ఫైల్లోంచి చిప్‌లోకి ఎక్కించాలి. రెండూ మూసేసిన కోడే. ఫైలుగా బయటికి వచ్చిన పాపానికి రెండోదాన్ని గుమ్మం బయట నిలబెట్టాం. డెబియన్ అంతా కోడ్ తెరిచి ఉన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్‌గానే ఉంటుందని 1997లో రాసుకున్న సోషల్ కాంట్రాక్ట్‌కి కట్టుబడి, 2011లో స్క్వీజ్ (డెబియన్ 6) వచ్చేసరికి వాటిని సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌లోంచి తీసి నాన్-ఫ్రీ అనే వేరే విభాగంలో పెట్టేశారు. ఫర్మ్‌వేర్ కలిపిన ఇన్‌స్టాలర్ ఇమేజ్‌లు ఉండేవి గానీ, వాటి మీద "అనధికారికం" అని ముద్ర. తెలిసినవాడు వెతికి దించుకునేవాడు, కొత్తవాడు వదిలేసి వెళ్లిపోయేవాడు.

ఇంకొకటి నీకు ఎప్పుడూ చెప్పలేదు. చూపు లేనివాళ్లు ఇన్‌స్టాలర్‌ని చెవులతో విని నడుపుకుంటారు. ఈమధ్య వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో సౌండ్ రావాలన్నా ఫర్మ్‌వేర్ కావాలి. అది లేకపోతే వాళ్లకి మొదటి మెట్టు దగ్గరే అంతా నిశ్శబ్దం. ఏ కేబుల్ తెచ్చి ఇస్తాం చెప్పు? డెబియన్ డెవలపర్ స్టీవ్ మెకింటైర్ 2022లో ఈ చర్చని మళ్లీ లేపినప్పుడు చెప్పిన కారణాల్లో ఇదీ ఉంది. అది చదివాకే నా మనసు పూర్తిగా మారింది.

ఆ ఏడాదే డెబియన్ డెవలపర్ల మధ్య ఓటింగ్ పెట్టారు. సోషల్ కాంట్రాక్ట్‌ని మార్చాలంటే మూడింట రెండొంతులు కూడా చాలదు, వద్దన్న ఒక్క ఓటుకి కావాలన్నవి మూడు ఉండాలి. అంత మద్దతూ వచ్చింది. ఒకే ఇన్‌స్టాలర్, అందులోనే ఫర్మ్‌వేర్. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అదే అమలు. ఫర్మ్‌వేర్‌కి 'నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్' అని వేరే విభాగం పెట్టారు, కాబట్టి దానికోసం మిగతా నాన్-ఫ్రీ అంతా తెరవక్కర్లేదు. అసలే వద్దనుకుంటే బూట్ చేసేటప్పుడు firmware=never అని ఇచ్చే వీలుంది, తెలుగులో చెప్పాలంటే "ఎప్పటికీ వద్దు" అని.

నీ భయం నాకు తెలుసు. మనమే మోసిపెడితే కంపెనీలు కోడ్ ఎందుకు విప్పుతాయి అంటావు. అది కొట్టిపారేసే మాట కాదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పూర్తిగా ఫ్రీ అయిన సిస్టమ్‌ల జాబితాలో డెబియన్‌ని చేర్చదు, నువ్వు వాడే ట్రిస్క్వెల్ లైనక్స్‌ని చేర్చింది. ఆ గట్టిదనం ఉండాల్సిందే. కానీ మెషీన్‌లోకి అడుగే పెట్టలేనివాడు కోడ్ కావాలని ఎప్పుడు అడుగుతాడురా? వాడి చేత ముందు లైనక్స్ వాడించాలి కదా.

ఇన్‌స్టాల్ అయ్యాక మా మేనకోడలిని పక్కన కూర్చోబెట్టుకుని ప్యాకేజీల జాబితా తీశాను. "ఇదిగో, వీటి లోపల ఏముందో చూసుకోవచ్చు. ఈ రెండు ఫర్మ్‌వేర్‌ల లోపల మాత్రం చూపించరు" అన్నాను. "ఎందుకు చూపించరు మామయ్యా? ల్యాప్‌టాప్ మనదే కదా" అంది. బావా, దానికి పదిహేనేళ్లు. ఆ ప్రశ్న హాస్టల్‌లో మనకి రావడానికి ఎన్ని నెలలు పట్టిందో!

నీ దగ్గర ఏథెరోస్ యూఎస్‌బీ డాంగిల్ ఉంది కదా, ఏథ్9కె-హెచ్‌టీసీ డ్రైవర్‌తో నడిచేది. దాని ఫర్మ్‌వేర్ సోర్స్‌ని 2013లో బయటపెట్టారు. అందుకే అది డెబియన్‌లో నేరుగా ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉండే మెయిన్ విభాగంలోనే ఉంటుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు మర్చిపోకుండా పట్టుకురా. చూపించినవాళ్లూ ఉన్నారని మా పిల్లకి చెప్పాను, సోర్స్ తెరిచి చూడాలని కూర్చుంది.

నీ
పాత రూమ్మేట్