జ్వరం తగ్గింది సరే, సత్తువ ఎప్పుడొస్తుంది?

ఎడిటర్ గారికి నమస్కారం,

వైరల్ జ్వరాలు ముసురుకున్నప్పుడల్లా మీ పేపర్లో లక్షణాలేంటి, జాగ్రత్తలేంటి, కేసులెన్ని అని బాగానే రాస్తారు, కానీ జ్వరం తగ్గిన నెలల తర్వాత కూడా మెట్లెక్కితే తొడలు వణికిపోయేవాళ్లు, తల దువ్వుకుంటుంటేనే చేతులు లాగేసి మధ్యలో ఆపేసేవాళ్లు ఎంతమందో ఉన్నారు, వాళ్ల గురించి ఎక్కడా ఒక్క ముక్క కనపడదు. వాళ్ల కోసమే రాస్తున్నా.

మా అక్క ఇలాగే అవస్థ పడింది. రక్తపరీక్షలన్నీ నార్మల్ అని రాగానే డాక్టర్ "ఏం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని పంపించేశారు. ఇంట్లోవాళ్లు, ఆఫీసువాళ్లు కూడా అదే మాట పట్టుకున్నారు. ఒళ్లు సహకరించకపోవడం ఒక బాధైతే, నమ్మేవాళ్లు లేకపోవడం ఇంకా పెద్ద బాధ అండి.

నిజానికి ఇదేం కొత్త సంగతి కాదు. ఆస్ట్రేలియాలోని డబ్బో ప్రాంతంలో 253 మంది రోగుల్ని మొదట్నుంచీ గమనించి 2006లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లకి వచ్చినవి మూడు రకాల ఇన్‌ఫెక్షన్లు, అందులో రెండు వైరస్‌లవి. 6 నెలల తర్వాత కూడా వందకి 12 మంది దాకా రోజువారీ పనులకి అడ్డమయ్యేంత అలసట, ఒళ్లునొప్పులతో ఉన్నారు. ఎవరు అలా మిగిలిపోతారనేది మొదట జబ్బు ఎంత తీవ్రంగా వచ్చిందన్నదాని మీదే ఎక్కువ ఆధారపడింది గానీ వాళ్ల మానసిక స్వభావం మీద కాదని కూడా అందులోనే తేలింది. కోవిడ్ తర్వాత మిగిలిపోయే లక్షణాలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే నిర్వచనం ఇచ్చింది. చికున్‌గున్యా కీళ్లనొప్పులు నెలలు, ఒక్కోసారి ఏళ్లు పీడిస్తాయని అందరికీ తెలిసిందే. ఇంత తెలిశాక కూడా టెన్షన్ అనేస్తే ఎలా?

ఇంకోటి, అందరూ ఇచ్చే సలహా ఒకటే, లేచి తిరుగు, ఎక్సర్‌సైజ్ చెయ్, అదే పోతుంది అని. మంచాన పడి కండ కరిగినవాళ్లకి మెల్లమెల్లగా వ్యాయామం పనికొస్తుంది, కాదనను. కానీ కొంతమందికి కాస్త శ్రమ పడితే ఆ రోజు బాగానే ఉండి, మర్నాడో ఆ మర్నాడో ఒక్కసారిగా కుప్పకూలినట్టవుతుంది, మళ్లీ తేరుకోడానికి రోజులు, వారాలు పడుతుంది, అలాంటివాళ్లని బలవంతంగా నడిపిస్తే ఉన్న ఓపిక కూడా పోతుంది. ఈ లక్షణం ముఖ్యంగా కనపడే దీర్ఘకాలిక అలసట జబ్బులో, రోజురోజుకీ కోటా పెంచుకుంటూ పోయే వ్యాయామం వద్దని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2021లో స్పష్టంగా చెప్పాయి. ఉన్న ఓపికని బట్టి పని పంచుకుని మధ్యమధ్యలో ఆగడమే వాళ్లకి దారి. ఎవరు ఏ రకమో అడిగి తెలుసుకోకుండా అందరికీ ఒకే మాట చెప్పడం అన్యాయం.

అలాగని ప్రతి నీరసాన్నీ అదే తగ్గుతుందిలే అని వదిలెయ్యకూడదు. ఇన్‌ఫెక్షన్ అయిన కొన్ని రోజులకో వారాలకో పాదాల్లో తిమ్మిర్లు మొదలై, బలహీనత కాళ్లనుంచి పైకి పాకుతుంటే అది నరాలు దెబ్బతినే గిలియన్ బారే సిండ్రోమ్ అనే జబ్బు కావచ్చు, ఊపిరి తీసే కండరాల దాకా వెళ్తే ప్రాణం మీదకొస్తుంది, వెంటనే హాస్పిటల్‌కి వెళ్లాలి. దానికి ఇమ్యునోగ్లోబులిన్, ప్లాస్మా మార్పిడి లాంటి చికిత్సలున్నాయి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. కండలు విపరీతంగా నొప్పెట్టి మూత్రం టీ డికాషన్ రంగులో వస్తున్నా ఆగకూడదు, కండరాలు దెబ్బతింటున్నాయేమో సీకే అనే రక్తపరీక్షలో తెలుస్తుంది. ఈ రెండు సంగతులు మాత్రం దయచేసి మొదటి పేజీలో వెయ్యండి.

ఇక ఆఫీసుల సంగతి. మెడికల్ సర్టిఫికెట్‌లో రాసిన సెలవు అయిపోగానే ఫుల్ షిఫ్ట్‌కి రావాలి, లేకపోతే జీతం కట్. కొన్నాళ్లు సగం పూట, కూర్చుని చేసే పని, కుదిరితే ఇంటినుంచి పని ఇస్తే మనిషీ నిలబడతాడు, ఉద్యోగమూ నిలబడుతుంది. బడి పిల్లలకీ ఇంతే, జ్వరం తగ్గిన వారానికే గ్రౌండ్‌లో పరిగెత్తించకండి. ఆసుపత్రులు కూడా డిశ్చార్జ్ కాగితం చేతిలో పెట్టి వదిలెయ్యకుండా కొన్ని వారాలాగి మళ్లీ పిలిచి కూర్చుని లేవగలుగుతున్నారా, ఎంత దూరం నడవగలుగుతున్నారు అని చూస్తే చాలు, ఇలా అవస్థ పడేవాళ్లు ఎవరో చాలావరకు అప్పుడే తెలిసిపోతుంది.

ఒక జనరల్ ఫిజీషియన్‌నీ, న్యూరాలజిస్ట్‌నీ, ఫిజియోథెరపిస్ట్‌నీ కూర్చోబెట్టి పాఠకుల ప్రశ్నలకి జవాబులు చెప్పించే శీర్షిక ఒకటి మీ ఆరోగ్యం పేజీలో మొదలుపెట్టమని నా మనవి. మొదటి ప్రశ్న మా అక్క దగ్గర రెడీగా ఉంది.

ఇట్లు,
మీ పాఠకురాలు