మా ఆయన ‘ఐపీ’ పెట్టనన్నారు: కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర ఆర్థిక, కార్పొరేట్ వ్యవహారాల మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం అమ్మా. చెన్నై పాత వాషర్‌మన్‌పేట నుంచి రాస్తున్నాను. మీకు తెలుగు వచ్చు, నాకు ఈ అప్పుల బాధ తెలుగులో తప్ప చెప్పుకోవడం రాదు. అందుకే ఇలా రాస్తున్నాను.

ఎం.సి. రోడ్డు పక్క సందులో మాకు చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉండేది. లైనింగ్ గుడ్డ, ఫాల్స్, జాకెట్ ముక్కలు. చీర కొంగు చూపిస్తే చాలు, మా ఆయన రెండు తానులు లైటు కింద పెట్టి ఏది కలుస్తుందో ఇట్టే చెప్పేవారు. వెనక గదిలో నేను జిగ్‌జాగ్ మిషన్ మీద ఫాల్స్ కుట్టేదాన్ని. 2020లో లాక్‌డౌన్ పడింది, పెళ్ళిళ్ళ సీజన్ పోయింది. ఆరు నెలలు వాయిదాలు కట్టక్కర్లేదన్నారు గానీ వడ్డీ ఆగలేదు. షాపు అద్దె కోసం ఒక ఫైనాన్స్‌లో తీసుకున్నాం, ఆ వాయిదా కోసం ఇంకోచోట, దానికోసం రోజురోజుకీ పెరిగే మీటర్ వడ్డీకి. 2 లక్షల అప్పు చూస్తుండగానే 9 లక్షలు దాటింది.

ఒక ఫైనాన్స్ ఏజెంట్ వచ్చి షాపు మెట్ల మీద కూర్చునేవాడు. లోపలికొచ్చే ఆడవాళ్ళతో “ఇక్కడ అడ్వాన్స్ ఇవ్వకండమ్మా, రేపో మాపో మూసేస్తారు” అనేవాడు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత అప్పు కోసం ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. మెట్ల మీద కూర్చున్నవాడు పట్టపగలే వచ్చాడు కాబట్టి ఎవరికి చెప్పుకోవాలో మాకు తెలియలేదు.

చివరికి హైకోర్టు ఎదురుగా, పారీస్ కార్నర్‌లో ఒక లాయర్ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కాగితాలన్నీ చూసి “ఐపీ పెట్టుకోవచ్చు, అంటే అప్పులు తీర్చలేమని కోర్టులో దివాలా పిటిషన్ వేసుకోవచ్చు” అన్నారు. మా ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. మనవాళ్ళలో ‘ఐపీ పెట్టాడు’ అంటే ఏమిటో మీకు తెలుసు కదమ్మా. పదిమంది డబ్బూ మింగేశాడని అర్థం. ఆ ఇంటి పిల్లకి సంబంధాలు రావు. మా మామగారు ఐపీ పెట్టినవాడి గడప తొక్కేవారు కాదట.

లాయర్ గారు చెప్పింది విన్నాక, ఆ మాటకి పట్టిన మచ్చ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు కొంచెం అర్థమైంది. మాలాంటి వాళ్ళకి చెన్నైలో ఇప్పటికీ ఉన్నది 1909లో బ్రిటిషువాళ్ళు రాసిన ప్రెసిడెన్సీ పట్టణాల దివాలా చట్టం. 500 రూపాయల అప్పుంటే చాలు, దాని కింద పిటిషన్ వేయొచ్చు. అప్పుల నుంచి విముక్తి కోసం మళ్ళీ కోర్టునే అడగాలి. ఇవ్వకపోయినా, వాయిదా వేసినా కోర్టు ఇష్టం. పనిముట్లు, కట్టుకునే బట్టలు, పరుపులు, వంటగిన్నెలు, భార్యాపిల్లలవి కూడా కలిపి 300 రూపాయల విలువ వరకే మనకు వదిలిపెడతారని అందులో రాశారు. మూడు వందలు! నా మిషన్‌కి ఏడాదికి పట్టే దారం కూడా దానికి రాదు.

మీ శాఖ చేతిలో 2016 నాటి ఇన్‌సాల్వెన్సీ, బ్యాంక్రప్సీ కోడ్ అనే కొత్త దివాలా చట్టం ఉంది. మామూలు మనుషుల కోసం అందులో మూడో భాగం రాశారు. అప్పులవాళ్ళతో కూర్చొని తీర్చే ప్రణాళిక వేసుకోవచ్చు. అది కుదరక దివాలా తీసినా ఏడాదికి విముక్తి ఉత్తర్వుకు దారి ఉంది. పనిముట్లు వదిలేస్తారు, మతాచారం ప్రకారం తీయకూడని నగలు కొంత విలువ దాకా వదిలేస్తారు. ఎంత ఆలోచించి రాశారో! కానీ 2019 డిసెంబర్ 1 నుంచి ఆ భాగాన్ని కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ళకే అమల్లోకి తెచ్చారు. కంపెనీ కోసం సంతకం పెట్టిన పెద్దమనిషికి కొత్త చట్టం, షాపూ మనిషీ ఒకటే అయిన మాకు 1909 చట్టం. ఇది న్యాయం కాదమ్మా.

ఆ భాగాన్ని అందరికీ తెస్తే ఎగ్గొట్టేవాళ్ళు వాడుకుంటారని అంటారు. చిట్టీ డబ్బులతో పారిపోయినవాళ్ళని మేమూ చూశాం, మేమూ నష్టపోయాం. మోసం చేసి తెచ్చిన అప్పు దివాలాతో పోదని ఆ కోడ్‌లోనే ఉంది కదా.

అదే కోడ్‌లో చిన్న అప్పులవాళ్ళకి అప్పు రద్దు చేయడం కోసం పెట్టిన ‘ఫ్రెష్ స్టార్ట్’ సంగతి కూడా చూడండి. ఏడాదికి 60 వేలు మించని ఆదాయం, 20 వేలు మించని ఆస్తి, 35 వేలు మించని అప్పు ఉండాలట. నెలకి 5 వేలంటే మా పేటలో ఒక గది అద్దెకు కూడా చాలదు. పార్లమెంటులో సవరణ తెచ్చి ఆ లెక్కలు మార్చండి. ఫారాలు తెలుగులో, తమిళంలో ఇవ్వండి.

మా షాపు ఇప్పుడు లేదు. మా ఆయన గోడౌన్ స్ట్రీట్‌లో వేరేవాళ్ళ దగ్గర తానులు విప్పి చూపిస్తున్నారు. వడ్డీ కట్టడానికి నా మిషన్ అమ్మేశాం. కొన్నావిడ రెండు వరసలు కుట్టి చూసి, “ఇంత బాగా నడుస్తుంటే ఎందుకమ్ముతున్నారు?” అంది. ఇప్పుడు ఫాల్స్ చేత్తో కుడుతున్నాను. మిషన్ మీద చేసినన్ని కావు, అందుకే అప్పు కూడా అంత తీరడం లేదు.

మూడో భాగం అందరికీ ఎప్పటి నుంచి అమలు చేస్తారో ఒక తేదీ చెప్పండి. మా ఆయన్ని ఒప్పించే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఫాల్స్ కుట్టుకునే ఒక ఇల్లాలు,
పాత వాషర్‌మన్‌పేట, చెన్నై