వార్షిక నివేదిక: ఈ ఏడాది మన కాలనీ గస్తీ కథ

సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ, పార్కు సంగతులు చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను. ఈ ఏడాది కార్యవర్గం సమయమంతా తిన్నది భద్రతే.

కిందటి సర్వసభ్య సమావేశంలో అందరిదీ ఒకటే మాట: పోలీసు బండి ఎక్కువసార్లు తిరగాలి. వినతిపత్రం ఇచ్చాం, బండి తిరిగింది. మెయిన్ రోడ్డు మీద లైట్లు వెలిగించుకుని అటు వచ్చి ఇటు పోయేది. వెనక సందుల్లో అది పట్టదు. దసరా సెలవుల్లో తాళం పగిలిన ఇల్లు ఆ వెనక సందులోదే.

అప్పుడు మన కమిటీలోని రిటైర్డ్ లెక్చరర్ గారు ఒక పాత ముచ్చట చెప్పారు. 1972–73లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో కొన్ని బీట్లలో (గస్తీ ప్రాంతాల్లో) పోలీసు కార్ల గస్తీని రెండు మూడింతలు పెంచారు, కొన్నింట్లో ఎత్తేశారు. నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, జనం అసలు గమనించనే లేదట. 2009లో ఫిలడెల్ఫియాలో నేరాలు ముసిరిన 60 చోట్ల పోలీసులను కాలినడకన తిప్పితే, మిగతా అలాంటి చోట్లతో పోలిస్తే హింసాత్మక నేరాలు 23 శాతం తగ్గాయి. మనది ఫిలడెల్ఫియా కాదు, ఇక్కడ తుపాకులు లేవు. ఉన్నవి గొలుసులు, బైకులు, తాళాలు. అయినా విషయం అర్థమైంది: ఎన్నిసార్లు తిరిగారన్నది కాదు, ఎక్కడ ఆగారన్నది ముఖ్యం.

కాలనీ లేఔట్ ప్రింటు తీసి, గుర్తున్న ఘటనలన్నీ ఎర్ర పెన్నుతో చుక్కలు పెట్టాం. చుక్కలన్నీ మూడు చోట్లే ముసిరాయి: పాల బూత్ మలుపు, బస్టాపు సందు, ఖాళీ ప్లాట్ల వెనక గోడ. గొలుసులు పోయింది తెల్లారి ముగ్గు వేసే వేళ. బైకులు పోయింది సెకండ్ షో వదిలాక.

ఆ కాగితం ఎస్సై గారికి ఇచ్చాం. ఇంకో సంగతి ఆయనకు చెప్పడానికి మొహమాటపడ్డాం గానీ చెప్పేశాం. గస్తీ పోలీసులు వచ్చినట్టు సంతకం పెట్టేందుకు గుడి గోడకు మేకుకు వేలాడే పాయింట్ బుక్కులో సంతకాలన్నీ దాదాపు ఒకే వేళకు ఉన్నాయి. ఆ వేళ మనకు తెలిస్తే దొంగకు తెలియదా? ఎస్సై గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత బ్లూ కోల్ట్స్ (పోలీసుల బైకు గస్తీ) బైకు ఆ మూడు చోట్లా పది, పదిహేను నిమిషాలు ఆగుతోంది, రోజుకో వేళకు. బీట్ కానిస్టేబుల్ గారు పాల బూత్ దగ్గర టీ తాగుతూ పేరుపేరునా పలకరిస్తున్నారు.

ఇక ఈల గొడవ. వాచ్‌మన్ ఈల వేస్తే మనకు నిద్ర, దొంగకు ఆచూకీ. మానేయమంటే, ఈల వినబడకపోతే నిద్ర పట్టడం లేదని పెద్దవాళ్లు గోల చేశారు. రాత్రి పన్నెండు దాకా ఈల, తర్వాత మౌనం అని రాజీ పడ్డాం.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు స్టేషన్‌లో చెప్పి వెళ్లమన్నాం. వాట్సాప్ స్టేటస్‌లో ప్రయాణం ఫొటోలు పెట్టినంత మంది స్టేషన్‌లో చెప్పలేదు.

గస్తీ తీరు మారాక గొలుసు దొంగతనం జరగలేదు. బైకు మాత్రం ఒకటి పోయింది. ఇదంతా గస్తీ మహిమే అని ఒక్క ఏడాది చూసి నేను అనను. ఆ బైకు పోయిన రాత్రి కెమెరా ఫుటేజీ తీస్తే కనిపించింది వేపాకులు. కొమ్మ అడ్డం పెరిగింది.

పార్కు గేటు బాగైంది, డ్రైనేజీ పని సగంలో ఉంది. వేపకొమ్మ కొట్టించడానికి, వాచ్‌మన్ జీతం పెంచడానికి ఈసారి సమావేశంలో మీ ఆమోదం కావాలి.

– కార్యదర్శి