పాప వచ్చేలోపు

చి. అమ్మలూ,

ఫోస్టర్ కేర్ కింద పాప మీ ఇంటికి వచ్చేలోపే ఈ ఉత్తరం నీకు అందాలి. గది సర్దేశానన్నావు. ఇక సర్దుకోవలసింది మాట.

ముందు 'పెంపుడు' సంగతి. మన తెలుగులో ఆ మాట దత్తు పిల్లలకీ వాడతాం, ఇంట్లో కుక్కకీ వాడతాం. ఫోస్టర్ కేర్ దత్తత కాదు. పాప కొంతకాలం మీ సంరక్షణలో ఉంటుంది. కన్నవాళ్ళ పరిస్థితి కుదుటపడితే వాళ్ళ దగ్గరికే వెళ్తుంది. అందుకని పేరు చెప్పి, 'మా ఇంట్లో ఉంటోంది' అను, చాలు. బడిలో ఎవరికి ఎంత చెప్పాలో పాపనే అడుగు. తను ఒప్పుకున్న మాటే ఇంటిల్లిపాదీ చెప్పండి. తలా ఒకటి చెబితే చివరికి పాపే అబద్ధమాడినట్టు తేలుతుంది.

'అనాథ' అనే మాట అసలు రానీయకు. ఈ పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలున్నారు. 'అసలు అమ్మ' అనీ అనకు, ఉత్తినే 'మీ అమ్మ' అను. నిన్నేమని పిలవాలో తననే తేల్చుకోనీ.

ఆఫీసు మాటలు పిల్లల చెవిలో వేరేగా పడతాయి. ఇంగ్లండులో 1989 నాటి చిల్డ్రన్ యాక్ట్ వీళ్ళని 'లుక్డ్ ఆఫ్టర్' పిల్లలంది. 'లుక్డ్ ఆఫ్టర్ చైల్డ్'ని మొదటి అక్షరాలకి కుదిస్తే LAC, పలికితే 'లాక్'. ఇంగ్లీషులో లాక్ (lack) అంటే లోటు! పిల్లని ఒక ఇంట్లో ఉంచడాన్ని 'ప్లేస్‌మెంట్' అంటారు. 'ప్లేస్‌మెంట్ ఫెయిలయింది' అన్నా అంతే, ఫెయిలైంది తానేననుకుంటుంది. 'శనివారం కాంటాక్ట్' అనకు. 'శనివారం నాలుగింటికి అమ్మని కలుస్తావు, ఆరింటికి మనింటికి వచ్చేస్తాం' అని చెప్పు.

పాప ఫైలు కోసం నువ్వు రోజూ రాసే నోట్సు విషయంలో మరీ జాగ్రత్త. పెద్దయ్యాక తన చిన్నతనం గురించి ఆ ఫైల్లోనే వెతుక్కోవలసి రావచ్చు. 'మొండికేసింది' అని రాస్తే అది నీ తీర్పు, జరిగింది కాదు. 'రాత్రి 7 గంటలకు అమ్మతో ఫోను. తర్వాత భోజనం ముట్టలేదు. 20 నిమిషాలు తలుపేసుకుంది' అని రాయి. ముందేం జరిగిందో తెలిస్తేనే కదా, ఎందుకో ఎవరికైనా అందేది!

అలాగని మెత్తని మాటల చాటున నిజాన్ని దాచకు. ఎవరైనా కొట్టారని పాప చెబితే 'ఇంట్లో ఇబ్బందులు' అని రాయొద్దు. తనన్న మాటలు తనన్నట్టే, వ్యాకరణం దిద్దకుండా, తేదీ, టైము వేసి రాసి, ఆ రోజే సోషల్ వర్కర్‌కి చెప్పు. 'నాన్నేనా కొట్టింది?' లాంటి ప్రశ్నలతో జవాబు అందించకు. 'ఎవరికీ చెప్పను' అని మాటా ఇవ్వకు, నిలబెట్టుకోలేవు. 'ఎప్పటికీ ఇక్కడే ఉంటావు' అన్న మాటా అంతే, అది నీ చేతుల్లో లేదు.

గుమ్మంలోకి వచ్చినప్పుడు తన చేతిలో ఒక్క సంచే ఉండొచ్చు. 'ఇంతేనా?' అనకు. 'నీ సామాను ఎక్కడ పెట్టుకుంటావు?' అని అడుగు.

ఆశీస్సులతో,
అమ్మ