పాత కథలు, మన పొరపాట్లు: చరిత్ర అభిరుచి సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడాది నివేదిక సొంత డబ్బాలా ఉందని చాలామంది మొహం మీదే అన్నారు కాబట్టి, ఈసారి మనం చేసిన తప్పుతోనే మొదలుపెడుతున్నాను.

పాత ఫోటోల ప్రదర్శనలో అందరూ ఆగి ఆగి చూసిన ఆ గ్రూప్ ఫోటో గుర్తుందా? వెనకాల 1931 అని రాసి ఉంది, మేమూ ఇంకేం ఆలోచించకుండా అదే సంవత్సరం బోర్డు మీద ఎక్కించేశాం. రెండో రోజు ఒక సభ్యురాలు దాన్ని తిప్పి, లైటు కింద ఏటవాలుగా పట్టుకుని, "ఇది బాల్ పెన్ను రాత కదండీ" అన్నారు. నిజమే! అంకెల వంపుల దగ్గర ఇంకు చిన్న చిన్న ముద్దలుగా పేరుకుంది, పెన్ను నొక్కిన చోట అట్ట మీద గాడి పడింది. బాల్ పెన్నుకి లాస్లో బీరో పేటెంటు తీసుకున్నదే 1938లో, అది జనం చేతుల్లోకి బాగా వచ్చింది 1945 తర్వాత. అంటే ఆ సంవత్సరం ఫోటో తీసిన నాడు రాసింది కాదు, ఏళ్ల తర్వాత ఎవరో గుర్తు తెచ్చుకుని రాసింది. అలాగని 1931 తప్పనీ చెప్పలేం (దీని మీద కమిటీలో గంటసేపు గొడవ). చివరికి బోర్డు మార్చాం: "1931 అని తర్వాతి కాలంలో ఎవరో రాశారు, వేరే ఆధారం ఇంకా దొరకలేదు." చదవడానికి చప్పగా ఉంది, ఏం చేస్తాం.

ఆ దెబ్బకి నెలవారీ సమావేశాల్లో ఒకటి నకిలీల మీదే పెట్టుకున్నాం. 1983లో జర్మనీలో హిట్లర్ డైరీలంటూ హడావుడి జరిగింది కదా, వాటి చేతిరాత అసలుదేనని నిపుణులు ఒప్పేసుకున్నారు, ఎందుకంటే పోల్చడానికి ఇచ్చిన నమూనాల్లో కూడా ఆ డైరీలు ఫోర్జరీ చేసిన మనిషి రాసినవే కలిశాయి. కాగితంలో యుద్ధం తర్వాత వాడుకలోకి వచ్చిన తెల్లదనపు రసాయనం కనిపించాక గానీ బండారం బయటపడలేదు. రెండు ఆధారాలు కుదిరాయని సంబరపడే ముందు, రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయేమో చూడమని అప్పటి నుంచి ఒకరినొకరు పోరుతూనే ఉన్నాం.

దీనికి తిరగేసిన కథ అశోకుడిది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి చదవగలిగినా, శాసనాల్లో కనిపించింది "దేవానాంపియ పియదసి" అనే బిరుదే. అది ఎవరో సింహళ రాజుదని ప్రిన్సెప్ అనుకున్నాడు. పాలి గ్రంథాలు చదివిన జార్జ్ టర్నర్ అది అశోకుడని తేల్చాడు. కానీ రాతి మీద అశోకుడి పేరే కనబడింది 1915లో, కర్ణాటకలోని మస్కిలో. ఇక్కడ గ్రంథం ఒక చోటిది, రాయి వేరే చోటిది, రెండూ కుదరడానికి లెక్కేస్తే 78 ఏళ్లు!

పెద్దవాళ్ల జ్ఞాపకాల రికార్డింగు బాగానే నడిచింది, ఒక్క నా నిర్వాకం తప్ప. ఒకావిడని "అప్పుడు మీరు చాలా భయపడి ఉంటారు కదా?" అని అడిగాను. "ఆఁ, అవును" అని ఊరుకున్నారు. ఇంకో రోజు మరొకరు వెళ్లి "ఆ రోజు పొద్దున లేచి ఏం చేశారు?" అనేసరికి ఆపకుండా మాట్లాడారు, అందులో భయం ఊసే లేదు, పిల్లల చెప్పులు వెతకడమే ఉంది. నా రికార్డింగు కూడా చెరిపేయలేదు, ప్రశ్నతో సహా ఉంచాం, వినేవాళ్లకి తేడా తెలియాలని. మాట్లాడినవాళ్లు వద్దన్న భాగాలు మాత్రం ఎవరికీ వినిపించం.

జమాఖర్చుల కాగితం విడిగా జతచేశాం, సందేహాలుంటే కోశాధికారిని పట్టుకోండి.

వచ్చే ఏడాది ప్రతి బోర్డు కింద "ఇది ఎలా తెలిసింది" అని ఒక లైను ఉంటుంది. మీ ఇంట్లో ఫోటోలు తెచ్చేటప్పుడు పేర్లు మర్చిపోతామన్న టెన్షన్ ఉంటే మెత్తటి పెన్సిల్‌తో, వెనకాల అంచున, తేలిగ్గా రాయండి. పక్కనే, రాసినవాళ్లుగా మీ పేరు, రాసిన రోజు తేదీ కూడా వేయండి. బాల్ పెన్ను మాత్రం ఇంట్లోనే వదిలేసి రండి.

ఇట్లు,
కార్యదర్శి